ఫోనులో అమ్మమ్మ కథ

పినపాక మండలంలోని కోయ గూడేల పిల్లలు చాలామంది ఇంటి భాషతోనే ఒకటో తరగతిలో అడుగుపెడతారు. పలక మీద మాత్రం తెలుగు అక్షరం. ఆ రెంటినీ కలిపినప్పుడే బడిలో ఫోనుకైనా టీవీకైనా విలువ.

కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో బడి పాఠాలు మొదలైనప్పుడు అవి మూడో తరగతి నుంచే. పలక పట్టే పసివాళ్లకు తెర ఒక్కటే చాలదు, పక్కన పంతులమ్మ కూర్చోవాలి. మూడో తరగతి దాటేలోగా ప్రతి బిడ్డా అర్థమయ్యేలా చదవాలని 2021లో కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమం గడువు పెట్టింది. ఆ గడువు అడవి అంచు బడికీ వర్తిస్తుంది.

అందుకే చిన్న తరగతుల టీచర్లు ముందుగా ఒక పని పెట్టుకోవాలని నా కోరిక. గూడెంలో ఒక అమ్మమ్మ కోయలో చెప్పే కథను, ఆమెను అడిగి, ఫోనులో రికార్డు చేయండి. తరగతిలో వినిపించండి. తమ మాట బడిలో వినబడగానే వెనక వరుస పిల్లలూ ముందుకు జరుగుతారు. కథలో ఇప్పచెట్టు వస్తే దాని బొమ్మ గీయించి, కింద తెలుగులో ‘ఇప్ప’ అని రాయించండి. దీనికి సిగ్నల్ అక్కర్లేదు. వీడియో పాఠాలైతే సిగ్నల్ దొరికే చోట ముందురోజే దింపుకోండి. చూపించేది పది నిమిషాలే. మిగతా సమయమంతా పిల్లల మాటలకు, చేతులకు వదిలేయండి.