కీళ్లవాతం ఎవరి కర్మ?
చరక సంహితలోని విమానస్థానం పూర్వజన్మ కర్మను దైవమనీ, ఈ జన్మలో చేసేదాన్ని పురుషకారమనీ వేరు చేసి, ఆయువు ఈ రెండింటి బలాబలాలను బట్టి ఉంటుందని చెప్పింది. శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల పొరలపై దాడి చేసే రుమటాయిడ్ కీళ్లవాతంలో దైవమా, పురుషకారమా అన్న ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 జన్యువు కొన్ని రూపాల్లో ఉంటే ముప్పు పుట్టుకతోనే పెరుగుతుంది. చిగుళ్ల వ్యాధిలో పెరిగే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే సూక్ష్మజీవి ప్రోటీన్లలోని ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మార్చగలదు కనుక, అలా రూపుమారిన ప్రోటీన్లను దేహం పరాయివిగా పొరబడి ప్రతిరక్షకాలను పుట్టించడానికి ఇదొక దారి కావచ్చునని పరిశోధకులు భావిస్తున్నారు. అయినా ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి ఈ జబ్బు వస్తే రెండోవారికీ వచ్చేది సుమారు 15 శాతం సందర్భాల్లోనే. తెల్లవారేసరికి వేళ్లు బిగుసుకుపోయి జడ అల్లుకోలేని స్త్రీతో ‘నీ ఖర్మ’ అనడం చరకుని మాటకు చాలా దూరం. పళ్లు సరిగా తోముకోలేదని నిందించడమూ అంతే క్రూరం, ఎందుకంటే నొప్పి మొదలవడానికి ఏళ్ల ముందే, ఆమెకు తెలియకుండానే, ఆ ప్రతిరక్షకాలు నెత్తుటిలో చేరి ఉండవచ్చు.