చెట్టు నాటితే పాపం పోతుందా?

2007లో వాటికన్‌కు ఒక అడవి కానుకగా వచ్చింది. హంగరీలో మొక్కలు నాటి, ఆ బుల్లి రాజ్యం ఏడాదిలో వదిలే కార్బన్‌కు చెల్లు వేస్తామని ఒక కంపెనీ పత్రం రాసిచ్చింది. మూడేళ్ల తర్వాత విలేకరులు ఆరా తీస్తే ఒక్క మొక్కా నాటలేదని తేలింది. ఈలోగా, 2008లో, వాటికన్ తన సభామందిరం కప్పు మీద సుమారు 2,400 సౌర ఫలకాలు పెట్టుకుంది. నిజంగా కార్బన్ తగ్గించింది అవే. ఒకరు తగ్గించిన కార్బన్‌ను మరొకరు కొని తమ లెక్కలో చెల్లు వేసుకునే కార్బన్ క్రెడిట్లు విపరీత వినియోగానికి సాకుగా మారే ప్రమాదం ఉందని 2015లో పోప్ ఫ్రాన్సిస్ తన లేఖ ‘లౌదాతో సీ’లో హెచ్చరించారు.

ప్రాయశ్చిత్తం గురించి మనవాళ్లూ ఆలోచించారు. కులాన్ని బట్టి శిక్షను మార్చిన మనుస్మృతిని తిరస్కరించాల్సిందే. కానీ అందులోనే, పశ్చాత్తాపపడి, ఇక చేయనని మానుకున్నవాడే శుద్ధుడవుతాడన్న మాటా ఉంది. ఆ మానుకోవడమే కార్బన్ సంతలో కనిపించదు.

అలాగని కార్బన్ క్రెడిట్లకు పెట్టే డబ్బంతా వృథా కాదు.

కర్ణాటక సరిహద్దులో, తెలుగు మాట్లాడే బాగేపల్లి ప్రాంతంలో, కూలీ సంఘం కుటుంబాల కోసం 5,500 గోబర్ గ్యాస్ యూనిట్ల పథకం 2005లో వాతావరణ మార్పుపై కుదిరిన క్యోటో ఒప్పందం కింద నమోదైంది. పేడలో నీళ్లు కలిపి తొట్టిలో పోస్తే చాలు, పొయ్యి వెలుగుతుంది. ఊదుగొట్టం పట్టుకుని కళ్లు మండించుకునే బాధ తప్పింది. పుల్లల కోసం తిరిగే పనీ తగ్గింది. మిగిలిన ముద్ద చేలోకి ఎరువు. ఇంత మేలు చేసే పథకానికి డబ్బు తెచ్చే క్రెడిట్ల ధర మాత్రం ఎక్కడో యూరప్ సంతలో తేలేది. 2008లో టన్ను 20 యూరోల దాకా పలికింది, 2012 చివరికి ఒక యూరో కూడా రాలేదు. పేదింటి వంటను అలాంటి సంతకు ముడిపెట్టడం అన్యాయం.

లెక్కలూ నిక్కచ్చిగా లేవు. మెరుగైన పొయ్యిల పథకాలు నిజంగా తగ్గించిన కార్బన్ కంటే సగటున 9 రెట్లు ఎక్కువ క్రెడిట్లు రాసుకున్నాయని 2024లో ‘నేచర్ సస్టైనబిలిటీ’లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

బతకడానికి వదిలే కార్బన్ వేరు, విలాసానికి వదిలేది వేరు అని తత్వవేత్త హెన్రీ షూ 1993లోనే వాదించాడు. కూలి తల్లి అన్నం వండుకునే పొగనూ, సరదా విమానయానం పొగనూ ఒకే తక్కెడలో తూచడం ధర్మం కాదు. ఆమె పొయ్యికి సంపన్న దేశాలు డబ్బివ్వాలి. వాతావరణాన్ని పాడుచేసినందుకు అది వాళ్లు తీర్చాల్సిన బాకీ. ఆ బాకీ తీర్చినందుకు తమ పొగకు చెల్లు రాసుకునే హక్కు మాత్రం వాళ్లకు లేదు. ‘కార్బన్ న్యూట్రల్’ అన్న ముద్ర కనిపించినప్పుడల్లా, సొంత పొగ ఎంత తగ్గించారో చెప్పమని ఆ ముద్ర వేసుకున్న కంపెనీని అడగండి.