మాట పడిపోకముందే



నవంబరు 2న సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాము. పోయినవారి ఆత్మలకొరకు ప్రార్థిస్తాము. మరి మన ప్రయాణం మాటేమిటి?

ఒక రాత్రి అనంతగిరి ప్రక్క పల్లెనుండి నాకు పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి ఆ పెద్దాయనకు మాట పడిపోయింది. అభ్యంగనం ఇచ్చాను. కాని ఆయన పాపసంకీర్తనం చేయలేడు, దివ్యసత్ప్రసాదం మింగలేడు. గట్టు తగాదాతో ఏళ్ళుగా మాటలు లేని తమ్ముడు మంచం ప్రక్కన నిలబడి "అన్నా, అన్నా" అని ఏడుస్తున్నాడు. పలికేందుకు అన్నకు నోరు లేదు.

"ముందే ఎందుకు పిలవలేదు నాయనా?" అని పెద్దకొడుకును అడిగాను.

"ఫాదర్‌గారు నూనె తీసుకొని వస్తే మా నాయన భయపడతాడని పిలవలేదండి" అన్నాడు.

ఈ భయం మన ఇళ్ళలో పాతదే. పూర్వం దీనిని 'అవస్థ అభ్యంగనం' అనేవారు. కాని ఇది ప్రాణం పోయే క్షణానికి మాత్రమే కాదని, వ్యాధిగ్రస్తుల అభ్యంగనమని పిలవడమే తగునని 1963లో రెండవ వాటికన్ మహాసభ బోధించింది. జబ్బువలనగాని, ముసలితనంవలనగాని ప్రాణాపాయం మొదలైనప్పుడే దీనిని స్వీకరించవచ్చు. కోలుకొని మరల జబ్బుపడితే మరల స్వీకరించవచ్చు.

యాకోబు లేఖ ఐదవ అధ్యాయం చదవండి. సంఘ పెద్దలను పిలిపించవలసినది ఎవరు? రోగియే! తన స్థితి తనకు తెలియనివాడు ఎలా పిలిపించగలడు? కనుక నిజాన్ని దాచకండి. ప్రేమతో, నెమ్మదిగా చెప్పండి.

అప్పుడు వైద్యం విషయంలోను ఆయన మాట వినవచ్చు. ఒంటిమీద చెయ్యి వేసుకొని ప్రాణం తీయడం మహాపాపం. కాని ఫలితమివ్వక, మోయలేని భారమయ్యే చికిత్సను వద్దనడం పాపం కాదని 1957లో పన్నెండవ పియూస్ పాపుగారు వైద్యులకు వివరించారు. 2005లో రెండవ జాన్ పాల్ పాపుగారు చివరి రోజులలో ఆసుపత్రికి తిరిగి వెళ్ళక, అభ్యంగనం పొంది, తన గదిలోనే ఏప్రిల్ 2న కన్నుమూశారు. అయితే నొప్పికి మందు, గొంతు తడిపే నీరు, ప్రక్కన ఒక మనిషి - ఇవి ఎన్నడూ మానరాదు.

సాగర్ ఎడమ కాలువకు నీరు రాకముందే గట్లు చెక్కి, విత్తనం సిద్ధం చేసుకునే రైతులం మనం. పొలానికి వెళ్ళేవానికి సద్ది కట్టి పంపే తల్లులం. పరలోక ప్రయాణానికి సద్దిమూట దివ్యసత్ప్రసాదమే. అది నోటికి అందే వేళలోనే అందించండి.

ఈ వారం మీ ఇంటి పెద్దల ప్రక్కన కూర్చోండి. "ఎవరితోనైనా మాట్లాడాలని ఉందా? ఫాదర్‌గారిని రమ్మనమంటావా?" అని అడగండి. మీకు ఎవరితో మాటలు లేవో, వారి గడప ఈ రోజే ఎక్కండి.

మంచి మరణానికి పాలకుడైన పునీత జోజప్పగారు మనకొరకు ప్రార్థించుదురుగాక. ఆమెన్.