గిన్నెల్లో పోయిన గీతలు

2019లో ఒకరోజు మా ఇంట్లో పనిచేసే ఆమె నన్ను రేషన్ షాపుకి తోడు రమ్మంది. ఆ నెల అప్పటికి రెండుసార్లు వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొచ్చింది. "ఏళ్ళు పడ్తలేవమ్మా, నేను నేనేనని మీరొచ్చి జెప్పుండ్రి" అంది. సాక్షిగా వెళ్ళాను.

గాజులరామారంలోని ఆ షాపులో ఆమె బొటనవేలు పెట్టింది. పట్టలేదు. చూపుడువేలు చెంగుతో తుడుచుకుని, జుట్టుకి రాసుకుని పెట్టింది. అదీ పట్టలేదు. ఏళ్ళ తరబడి ఆమెకి బియ్యం తూసిన డీలరే, "మీరు జెప్తే మిషన్ ఇంటదా మేడం?" అన్నాడు. అతనికి ఆమె తెలుసు, నాకూ తెలుసు. మా తెలియడానికి మాత్రం విలువ లేదు. "గీతలేడున్నయమ్మా, గిన్నెలల్ల పోయినయ్" అని ఆమె నవ్వింది.

మిషన్‌కి ఆడా మగా తేడా లేదంటారు. కానీ రోజంతా సబ్బునీళ్ళలో నానే చేతులు ఎక్కువగా ఎవరివి? ఆమెకి అన్నం పెట్టే పనే ఆమె ఆనవాలుని చెరిపేస్తోంది.

1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే బ్రిటిష్ అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద చేతిముద్ర వేయించుకున్నాడు, రేపు మాట మారుస్తాడేమోనని. ఈ పద్ధతి పాలనలోకి వచ్చిందే అనుమానంతో. మన దగ్గర అక్షరాస్యతా ఉద్యమంలో స్త్రీలు వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకున్నారు. 1992లో దూబగుంట స్త్రీలని సారా మీద పోరాటానికి కదిలించింది ఆ రాత్రిబడి చదువే. సంతకం మనిషి చేసేది, వేలిముద్ర శరీరం నుంచి తీసుకునేది. సంతకం నేర్చిన స్త్రీని కూడా మళ్ళీ వేలు పెట్టమంటున్నాం.

దొంగ కార్డులు, పక్కదారి పట్టే బియ్యం అబద్ధం కాదు. వలస వచ్చినవాళ్ళు వేరే షాపులో బియ్యం తీసుకోగలగడం మేలే. నా ప్రశ్న వేరు: మిషన్ పొరబడితే ఆ నష్టం ఎవరు భరించాలి? 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు సంక్షేమ పథకాలకి ఆధార్‌ని సమర్థిస్తూనే, ముద్ర పడలేదని అర్హుల్ని వంచించకూడదంది. క్యూలో ఆ తీర్పు చదివి వినిపించేదెవరు? 2021లో తెలంగాణ రేషన్ షాపుల్లో ఓటీపీ, కంటిపాప పద్ధతులొచ్చాయి. ఆమె ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ కొడుకు జేబులో ఉంటుంది. ఆమె ఆమేనని చెప్పడానికి అతను పనినుంచి రావాలి.

పక్కింటామె మాట, డీలర్ మాట, ఆమె తన గురించి తాను చెప్పుకునే మాట కూడా రుజువుగా చెల్లే ఒక పుస్తకం ప్రతి షాపులో ఉండాలని నాకనిపిస్తుంది. మిషన్ కాదన్నా బియ్యం ముందు ఇవ్వాలి, విచారణ తర్వాత చేసుకోవచ్చు.

ఇదంతా ప్రభుత్వం గురించే రాద్దామని కూర్చున్నాను. కానీ ఆమె గీతలు పోయిన గిన్నెల్లో మావీ ఉన్నాయి. పదేళ్ళుగా వాటిని తోమించుకుంటూ ఆమె చేతుల్ని నేనూ ఒక్కసారి సరిగా చూడలేదు.