ఇద్దరు పసులపోలిగాళ్లు

పాల్వంచ దాటి కిన్నెరసాని దిక్కు పోతుంటే, వరి మళ్లు అయిపోయి టేకు అడవి మొదలయ్యే చోట రెండు పసులపోలిగాళ్లు ఉండేవి. రెండూ నల్ల పిట్టలే, వరసకు అన్నదమ్ములు. తమ్ముడి తోక చివర చీలి ఉండేది. అన్న తోకకు రెండు పొడుగాటి పుల్లలు, వాటి కొసన నల్ల బిళ్లలు.

తమ్ముడు బర్రె వీపెక్కి కూర్చునేవాడు. బర్రె అడుగేస్తే గడ్డిలోంచి మిడత లేచేది, గాల్లోనే పట్టేవాడు. అన్న అడవి వదిలేవాడు కాదు. వడ్రంగిపిట్టలు బెరడు తడుతుంటే, చిన్న పిట్టలు ఆకులు తిరగేస్తుంటే బెదిరి లేచిన పురుగు అతనిది. బదులుగా డేగ కనిపిస్తే అందరికన్నా ముందు అరిచేవాడు. గుంపు చెదిరితే ఆ పిట్టల గొంతుల్తోనే పిలిచి కూడగట్టేవాడు.

"అన్నా, నువ్వూ బర్రెల ఎంట రారాదే?"

"నా తిండి ఆ గుంపుల ఉంది తమ్మీ. చెట్టు లేంది అవి రావు."

ఒక ఎండాకాలం ఆ అంచున చెట్లు కొట్టేశారు. మిగిలిన ఒక్క మద్దిచెట్టు మీద కూర్చుని అన్న తనకొచ్చిన గొంతులన్నిటితో పిలిచాడు. ఒక్క పిట్టా రాలేదు. ఆ తర్వాత అతనూ కనిపించలేదు.

"మా అన్న కాలంతోటి మారలేదు, తెలివిలేనోడు" అన్నాడు తమ్ముడు.

ముసలి బర్రె నెమరు ఆపింది. "గొడ్డలి మీ అన్న చెట్టు మీద పడ్డది, నీ బర్రె మీద పడలే. అందుల నీ తెలివేమున్నది బిడ్డా?"

నీతి: ఒకే ఆధారం మీద బతికేవాడు నష్టపోతే అతని తెలివిని తప్పుపట్టకూడదు, ఆ ఆధారాన్ని నరికినవారిని అడగాలి.

అడవి నరికేశాక, అందులో తునికాకు, ఇప్పపువ్వు ఏరుకునే కోయ ఆడవాళ్లకు "ఇంకో పని చూసుకోండి" అని చెప్పడం ఎంత తేలికో! ఆ అన్నకు జరిగినట్టే అమెజాన్ అడవిలోని పిట్టలకూ జరిగింది. అక్కడ దండు చీమలు బారులుగా కదులుతుంటే బెదిరి పారిపోయే పురుగులే తెల్లపింఛపు చీమపిట్టకు ఆహారం. దాని బంధువుల్లో కొన్ని పిట్టలు చీమలు లేకున్నా సొంతంగా వేటాడుకుంటాయి. బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర 1979లో మొదలైన పరిశోధనలో, పచ్చికబీళ్ల మధ్య 1, 10 హెక్టార్ల అడవి ముక్కలు మిగిల్చి చూశారు. చీమల దండునే నమ్ముకున్న పిట్టలు ఆ ముక్కల్లోంచి మాయమయ్యాయి. కొన్నేళ్లకు చుట్టూ లేతచెట్లు మొలిచి ముక్కలు మళ్లీ పెద్ద అడవితో కలిసిన చోట, ఆ పిట్టలు తిరిగొచ్చాయి.