వెంట నడిచిన కుక్క, ఒకరి కొలను

పెంపుడు కుక్కను తీసుకుని కొండలకో సరస్సు ఒడ్డుకో వెళ్లి గుడారం వేసుకోవడం ఈ కాలపు సరదా. దాని అడుగున ఉన్న ప్రశ్న మాత్రం చాలా పాతది. మనిషి ఇల్లు దాటి ఇంకొకరి తావులో అడుగుపెట్టినప్పుడు, తనను నమ్మి వెంట వచ్చిన మూగజీవానికి ఏమి బాకీపడతాడు? ఆ తావులో ముందునుంచీ ఉంటున్న ప్రాణులకు ఏమి బాకీపడతాడు? మహాభారతం ఈ రెండింటినీ వేర్వేరు చోట్ల కథలుగా చెప్పింది. ఒకటి కొలను గట్టున, ఇంకొకటి కొండ మీద. రెండు చోట్లా పరీక్ష పెట్టినవాడు యమధర్మరాజే, పరీక్షకు నిలిచినవాడు ధర్మరాజే.

కొండ కథ తెలియనివారు ఉండరు. అయినా చెప్పుకునేటప్పుడు కొన్ని వివరాలు జారిపోతుంటాయి. మహాప్రస్థానిక పర్వంలో పాండవులు నారచీరలు కట్టుకుని హస్తినాపురం విడిచే ఘట్టంలో మూలం వాళ్లను లెక్కపెట్టి మరీ చెబుతుంది: అన్నదమ్ములు ఐదుగురు, ఆరవది ద్రౌపది, ఏడవది కుక్క. సాగనంపడానికి చాలా దూరం వచ్చిన పౌరులూ అంతఃపుర స్త్రీలూ వెనుదిరిగారు. కుక్క తిరగలేదు. దాన్ని ఎవరూ పిలవలేదు, మెడకు తాడూ కట్టలేదు. వాళ్లు నేరుగా హిమాలయాలకూ పోలేదు. తూర్పున లౌహిత్య సముద్రం దాకా నడిచారు. అక్కడ అగ్నిదేవుడు అడిగితే అర్జునుడు గాండీవాన్ని నీళ్లలో వదిలాడు. దక్షిణానికి తిరిగి, పడమట కడలిలో మునిగిన ద్వారకను చూసి, ఆ తరవాతే ఉత్తరానికి మళ్లారు. దేశం చుట్టూ చేసిన ఆ ప్రదక్షిణ పొడుగునా కుక్క వెంటే ఉంది. హిమవంతమూ దాని ఆవల ఇసుక సముద్రమూ దాటి, మేరువు కంటబడ్డాక ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు ఆ వరసలోనే కూలిపోయారు. మిగిలింది ధర్మరాజు, కుక్క.

రథం తెచ్చిన ఇంద్రుడు కుక్కను వదిలి ఎక్కమన్నాడు. అతని అభ్యంతరం శౌచానికి సంబంధించినది. కుక్కలున్నవారికి స్వర్గంలో చోటు లేదు, కుక్క చూపు పడిన దానమూ హోమమూ క్రోధవశులనే గణాల పాలవుతాయి. ధర్మరాజు దీనికి బదులే చెప్పడు. కుక్క పవిత్రమైనదని వాదించడు, శాస్త్రం తప్పని అనడు. నమ్మి వెంట ఉన్నదాన్ని తన సుఖం కోసం విడవనని మాత్రం అంటాడు. ఇంద్రుడి రెండో వాదం ఇంతకన్నా పదునైనది. భార్యనూ తమ్ముళ్లనూ వదిలి వచ్చినవాడికి కుక్క మీద ఇంత పట్టుదల ఎందుకు? దీనికి జవాబు వచ్చింది. చనిపోయినవారిని బతికించడం తన చేతిలో లేదు, బతికుండగా వాళ్లలో ఎవరినీ వదల్లేదు. శరణన్నవాడిని భయపెట్టడం, స్త్రీని చంపడం, బ్రాహ్మణుడి సొమ్ము కాజేయడం, మిత్రద్రోహం, ఈ నాలుగు పాపాలతో నమ్మినవారిని విడవడం ఒక్కటే సరితూగుతుందని అతని లెక్క.

అంటే ఇక్కడ కుక్క గొప్పతనం చర్చకే రాలేదు. అది యమధర్మరాజని తేలింది నిర్ణయం జరిగిపోయాకే. హరికథల్లోనూ సినిమాల్లోనూ ఈ ఘట్టాన్ని కుక్క నిజరూపం బయటపడే అద్భుతంగా మలచడం వాడుక. దానివల్ల అసలు వాదానికి కొంత అన్యాయం జరిగింది. దేవుడని తెలిసి నిలబెట్టుకున్నది ధర్మం కాదు, వ్యవహారం. వెంట ఉన్నది వట్టి కుక్కే అయినా, ఆఖరిదాకా కుక్కగానే మిగిలినా, ధర్మరాజు జవాబులో ఒక్క మాట మారదు.

శాస్త్రాల్లో కుక్క స్థానం ఎప్పుడూ ఒక్క తీరుగా లేదు. మనుస్మృతి మూడో అధ్యాయమే ఇందుకు సాక్ష్యం. శ్రాద్ధంలో బ్రాహ్మణులు భోజనం చేస్తుంటే కుక్క చూడకూడదని అంటుంది. అదే అధ్యాయం గృహస్థు రోజూ కుక్కలకూ కాకులకూ పురుగులకూ నేల మీద మెల్లగా అన్నం పెట్టాలని కూడా అంటుంది. దూరం పెట్టమన్న చోటే తిండి పెట్టమనీ ఉంది. కాలభైరవుడికి కుక్క వాహనం, దత్తాత్రేయుడి పటంలో నాలుగు కుక్కలు ఉండనే ఉన్నాయి. భగవద్గీత అయిదో అధ్యాయం, పండితుడు సమంగా చూడవలసినవాటిని చెబుతూ విద్యావంతుడైన బ్రాహ్మణుడితో, ఆవుతో, ఏనుగుతో పాటు కుక్కను చేర్చింది. ఇలాంటి లెక్క మరో మతగ్రంథంలోనూ కనిపిస్తుంది. ఖురాన్ 18వ అధ్యాయంలో విశ్వాసం కాపాడుకోవడానికి గుహలో దాక్కున్న యువకుల కథ ఉంది. గుహ వాకిట్లో ముందుకాళ్లు చాచుకుని వాళ్ల కుక్క ఉంటుంది. వాళ్లు ముగ్గురా, ఐదుగురా, ఏడుగురా అని జనం తర్జనభర్జన పడతారు. ఏ లెక్కలోనైనా ఆఖరి అంకె కుక్కదే. కుక్క లాలాజలం అపవిత్రమని ఇస్లామీయ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఎక్కువ భాగం చెబుతాయి. అయినా లెక్కలోంచి దాన్ని తీసేయలేదు.

తెలుగు భారతంలో ఈ కథల గొలుసు ముగ్గురు కవుల చేతుల మీదుగా సాగింది. ఆదిపర్వం మొదట్లోనే, నన్నయ రాసిన భాగంలో, జనమేజయుడి తమ్ముళ్లు యాగశాల దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను అకారణంగా కొడతారు. దాని తల్లి సరమ వచ్చి, ముందువెనుకలు చూడకుండా సాధువులకూ పేదలకూ ఎగ్గు చేసేవారికి నిష్కారణంగా ఆపదలు వస్తాయని రాజుకు చెప్పి పోతుంది. చివర కొండ మీది కుక్కను చెప్పినవాడు తిక్కన. నడుమ కొలను కథ అరణ్యపర్వ శేషంలో ఎఱ్ఱన వంతుకు వచ్చింది. దెబ్బ తిన్న కుక్కతో మొదలైన గ్రంథం, వదలని కుక్కతో దాదాపు ముగింపుకు చేరడం కాకతాళీయమని అనుకోవడం కష్టం.

కొలను కథలో యమధర్మరాజు మొదట కొంగ రూపంలో కనబడతాడు, నాచూ చేపలూ తిని బతికే కొంగనని చెప్పుకుంటాడు. తరవాతే యక్షుడవుతాడు. దాహంతో వచ్చిన ఒక్కొక్క పాండవుడికీ వినిపించిన మాట ఒకటే: ఈ కొలను ముందునుంచీ తనది, సాహసం చేయవద్దు, అడిగినదానికి జవాబు చెప్పి నీళ్లు తాగవచ్చు. నలుగురు వినకుండా తాగి పడిపోయారు. ఐదోవాడు ఆగాడు. యక్షప్రశ్నలంటే అందరికీ జవాబులే గుర్తొస్తాయి గానీ, వాటికన్నా ముందు జరిగింది ఈ ఆగడమే. దాహం తీవ్రమైనదే, అవసరం న్యాయమైనదే, నీళ్లు కళ్లముందే ఉన్నాయి. అయినా తావు ఇంకొకరిదని ఒప్పుకోవడం మొదటి జవాబు. ఆ తరవాతి ప్రశ్నల్లో పరమధర్మం ఏదని అడిగితే, క్రూరత్వం లేకపోవడమని వచ్చింది. ఒక్క తమ్ముణ్ణి బతికిస్తానంటే భీమార్జునులను కాదని నకులుణ్ణి కోరింది ఆ ధర్మం కోసమే, కుంతికి ఒక కొడుకు మిగిలినట్టే మాద్రికీ ఒకడు మిగలాలని. కొండ మీద నిజరూపం చూపినప్పుడు యమధర్మరాజు ఈ సంగతే గుర్తు చేస్తాడు. స్వర్గారోహణ పర్వంలో, నరకంలో ఉన్న తనవారిని విడిచి రానని ధర్మరాజు మొండికేసినప్పుడు, ఇది మూడో పరీక్ష అని లెక్క కూడా చెబుతాడు.

ఈ రెండు పరీక్షలు చెప్పే పాఠం ఒకటి కాదు. కొండ మీదిది, వెంట ఉన్నదాన్ని వదలవద్దని. కొలను దగ్గరది, నీది కాని చోట చేయి చాచే ముందు ఆగమని. మొదటిది సంబంధం నుంచి పుట్టిన బాధ్యత, రెండోది సంబంధం లేనిచోట ఉండే బాధ్యత. పెంపుడు జంతువుతో కొండలకు వెళ్లేవారు మొదటిదాన్ని తేలిగ్గా గుర్తిస్తారు. మమకారం ఆ పని చేయిస్తుంది. రెండోదానికి గుర్తు చేసే గొంతు ఉండదు. యక్షుడిలా ఎదురుగా నిలిచి మాట్లాడే కొలను ఇప్పుడు ఎక్కడా లేదు.

2022 మే నెలలో కేదార్‌నాథ్‌లో జరిగిన వివాదం ఈ తేడాను బాగానే చూపింది. ఒక యాత్రికుడు తన హస్కీ కుక్కను ఆలయం దాకా తీసుకెళ్లి, దాని ముందుకాళ్లతో నంది విగ్రహాన్ని తాకించి, బొట్టు పెట్టించిన వీడియో బయటికొచ్చింది. భక్తుల మనోభావాలు దెబ్బతిన్నాయని ఆలయ కమిటీ ఫిర్యాదు చేసింది. ధర్మరాజు కుక్కను గుర్తు చేసి సమర్థించినవారూ ఉన్నారు. రెండు పక్షాలూ ఇంద్రుడు ఎత్తిన శౌచం ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి. ధర్మరాజు వాదానికి అక్కడ పని పడలేదు. ఎందుకంటే మహాప్రస్థానంలో కుక్క తానై వచ్చింది, ఇక్కడ తెచ్చారు. సముద్రమట్టానికి 3,583 మీటర్ల ఎత్తుకు, గౌరీకుండ్ నుంచి ఉన్న ఆ ఎక్కుడుకు కుక్క ఒప్పుకుందా అని అడిగే వీలు లేదు. తోక ఊపడం సమ్మతి కాదు, అలవాటు. అదే యాత్రాకాలంలో అదే దారిలో, బరువుతో, విశ్రాంతి లేక కంచరగాడిదలు కూలిపోయిన వార్తలూ వచ్చాయి. నంది మీద పడిన పంజా రేపినంత దుమారం వాటి చావు రేపలేదు. శౌచం మీద చూపు ఎక్కువైతే క్రూరత్వం మీద చూపు తగ్గుతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

కాబట్టి కుక్క పట్ల బాధ్యత శిఖరం దగ్గర కాదు, గడప దగ్గరే మొదలవుతుంది. వేళ్ల సందున మంచు గడ్డకడితే నడక ఆపి, పంజా నాకుతూ కూర్చునే కుక్క తన మాట చెబుతూనే ఉంటుంది. ఎత్తు మీద దానికీ ఆయాసం వస్తుంది, వాంతులవుతాయి, తిండి ముట్టదు. యజమాని ఫొటో తీసుకునే తొందరలో ఉంటే ఇవి కనబడవు. ఇంట్లోనే తెలిసినవారి దగ్గర వదిలి వెళ్లడం కూడా కొన్నిసార్లు వదలకపోవడమే. ధర్మరాజు తప్పన్నది నమ్మినదాన్ని దిక్కు లేకుండా చేయడాన్ని. దాన్ని ప్రతిచోటికీ మోసుకెళ్లాలని అతడు అనలేదు.

అడవి వైపు నుంచి చూస్తే లెక్క ఇంకా కఠినమవుతుంది. అభయారణ్యాల్లోకి పర్యాటకుల కుక్కలను రానివ్వరు. దీనికి కారణం శౌచం కాదు, రోగం. కెనైన్ డిస్టెంపర్ అనే వైరస్ పెంపుడు కుక్కల్లో సాధారణం, మాంసాహార వన్యమృగాలకు మృత్యువు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో అది సింహాల్లో దాదాపు మూడోవంతును తుడిచిపెట్టింది. 2018లో గుజరాత్‌లోని గిర్‌లో కొద్ది వారాల్లోనే 23 సింహాలు చనిపోయాయి, కొన్నింటిలో ఇదే వైరస్ దొరికింది. టీకా వేయించిన కుక్కతో ముప్పు తక్కువే గానీ, దాని అరుపూ వాసనా కూడా ఆ చోటికి కొత్తవే. అయితే నల్లమలలో చెంచుల కుక్కలూ ఉన్నాయి. వేటలో, కాపలాలో అవి తరతరాలుగా పెంటలనే వాళ్ల గూడేల్లో మనుషులతో పాటే ఉన్నాయి. ఆ అడవితో వాటి సంబంధం వేరు, శనివారం వచ్చి ఆదివారం వెళ్లే కుక్క సంబంధం వేరు. రెండింటినీ ఒకే నిబంధనతో కొలిస్తే చెంచులకు అన్యాయం జరుగుతుంది.

లద్దాఖ్‌లోని సరస్సుల దగ్గర రెండు పరీక్షలూ ఒకే చోట కలిశాయి. సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న త్సో కార్ చిత్తడినేలలు 2020లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలల రామ్సర్ జాబితాలో చేరాయి. అక్కడ నల్లమెడ కొంగలు వేసవిలో గూళ్లు కడతాయి. గడ్డీ నాచూ పోగేసిన దిబ్బ, చుట్టూ లోతు లేని నీరు, మధ్యలో సాధారణంగా రెండే గుడ్లు. ఆ నీరు నక్కను కొంత ఆపగలదు, గుంపుగా వచ్చే కుక్కలను ఆపలేదు. ఊరకుక్కలు గుడ్లనూ పిల్లలనూ తినడం ఆ పక్షులకు పెద్ద ముప్పుల్లో ఒకటని పరిశీలకులు చాన్నాళ్లుగా చెబుతున్నారు. యమధర్మరాజు కొలను దగ్గర ఎత్తిన రూపం కొంగ, కొండ మీద ఎత్తిన రూపం కుక్క. ఇక్కడ రెండోది మొదటిదాన్ని తింటోంది.

ఈ కుక్కలు అక్కడ ఇంతగా పెరగడానికి కారణం మనుషుల తిండి. గుడారాల విడిదులు, హోటళ్లు, సైనిక శిబిరాలు పారేసే మిగుళ్లు, జాలిపడి పర్యాటకులు విసిరే బిస్కెట్లు, రొట్టెలు. వేసవిలో ఆ జాలి నిజమైనదే. గుడారం పక్కన చలికి ముడుచుకున్న కుక్కకు అన్నం పెట్టినవారిని తప్పుపట్టడం కష్టం. కానీ చలికాలం ముందు విడిదులు మూసి, గుడారాలు విప్పి, లారీలకెత్తుకుని అందరూ దిగిపోతారు. వేసవి నెలల్లో మనుషుల చేతికి అలవాటుపడిన కుక్కలు అక్కడే మిగులుతాయి. ఆకలి వాటిని గుంపులు కట్టిస్తుంది. గొర్రెల మందల మీదా, అడవి జంతువుల మీదా పడేది ఆ గుంపులే. నమ్మినదాన్ని విడిచిన తప్పే ఇంకొకరి కొలనులో చేసిన సాహసంగా మారుతోంది. అందుకే, కుక్కలకు తిండి పెట్టాలా కొంగలను కాపాడాలా అని రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టే వాదన అరకొరగా మిగిలిపోతుంది. మిగుళ్లు కిందికి మోసుకురావడం, కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించడం, తిండి పెట్టినవారే చలికాలపు బాధ్యత కూడా చూడడం, ఈ మూడూ జరిగితే కుక్కకూ కొంగకూ ఒకేసారి మేలు జరుగుతుంది.

చట్టం కూడా ఈ తప్పును గుర్తించింది. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును తగిన కారణం లేకుండా విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. ధర్మరాజు నాలుగు మహాపాపాలతో తూచిన పనికి, మొదటి నేరమైతే ఆ సెక్షన్ రాసిపెట్టిన గరిష్ఠ జరిమానా 50 రూపాయలు.