వినరాని నాదము – శరణుని సత్యనిష్ఠ

ఋజువు కాని దానిని మతమునకు సాక్ష్యముగా నిలుపవచ్చునా?

విశ్వము తొలిక్షణమున మహావేగముతో వ్యాకోచించెననియు, వ్యాకోచము ముగియగనే దానిని నడపిన శక్తి కణములుగాను తాపముగాను మారెననియు శాస్త్రజ్ఞుల భావన. ఆ సంక్షోభమున గురుత్వాకర్షణ తరంగములు పుట్టియుండవచ్చును. అవి నేడు సెకనుకు 10 లక్షలు మొదలు 100 కోట్లసార్ల వరకు కంపించుచుండునని కొన్ని గణనలు తెల్పుచున్నవి. 2015లో అమెరికాలోని లైగో యంత్రములు పట్టినవి రెండు కృష్ణబిలములు ఏకమైనపుడు పుట్టిన తరంగములు. వాని కంపనములు సెకనుకు 35 మొదలు 250 మాత్రమే. ఆదితరంగములను పట్టగల యంత్రము ఇంకను సిద్ధింపలేదు.

ఇది విని "ఇదియే మన ప్రణవనాదము" అని సంబరపడుట సులభము. కాని అవి శబ్దములు కావు, దేశకాలముల కంపనములు. పైగా ఆ ఊహ రేపు తప్పినచో మన సాక్ష్యమేమగును? శివుని మహిమను మన తొందరపాటుతో ముడిపెట్టరాదు.

1916లో ఐన్‌స్టీన్ చెప్పిన తరంగములు నేరుగా చిక్కుటకు 99 ఏండ్లు పట్టినది. అందుకై శ్రమించినవారిలో కొందరు ఫలము చూడకయే గతించిరి. బసవేశ్వరుడు బోధించిన కాయకమునకు అది దూరము కాదు. ఇష్టలింగమును కరమున ధరించినవాడు తెలియని దానిని తెలియదనుటకు వెనుదీయరాదు.